బుజ్జి రంగేటి, మావయ్యా?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఉన్న మ్యాచింగ్ సెంటర్లలో పగటిపూట ఒక అరగంట నిలబడి చూడండి. చీర పట్టుకొచ్చినావిడ జాకెట్టు ముక్క కోసం పది తాన్లు దింపిస్తుంది. అందులో ఒకటి నచ్చుతుంది. అంచుకీ ముక్కకీ వెంట్రుకవాసి తేడా లేదని షాపతను అంటాడు. ఆవిడకీ అలాగే అనిపిస్తుంది, అయినా డబ్బు తియ్యదు. చీర చెంగు ఒక చేత్తో, తాను ఇంకో చేత్తో పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికొస్తుంది. తల అటూ ఇటూ వంచి చూస్తుంది. "అబ్బే, ఇది కాదు బాబూ. బయట ఎర్రగా కొడతంది" అంటుంది.

లోపల ఒక్కటిగా ఉన్న రెండు రంగులు గుమ్మం దాటేసరికి వేరైపోయాయి. చీర అదే, గుడ్డ అదే, చూసే కళ్లూ అవే. మారింది వెలుతురు ఒక్కటే. ఆవిడ మెట్లు దిగడం వెనక ఉన్న శాస్త్రమే ఈ వ్యాసమంతా. సినిమా బండ్లకు చిన్న నమూనాలు చేసుకునే నాలాంటివాళ్లకు రంగు కుదర్చడంలో ఎదురయ్యే చిక్కులన్నీ ఆ గుమ్మం దగ్గరే మొదలవుతాయి.

ఆరు టన్నుల బండి, అరచేతి బొమ్మ

పోయిన వేసవి సెలవులకు శ్రీకాకుళం నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఎనిమిదో తరగతి. సంచి కింద పెట్టకముందే "మావయ్యా, బుజ్జిని సేద్దాం" అన్నాడు.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'లో ప్రభాస్ నడిపే బండి బుజ్జి. అది మాట్లాడుతుంది కూడా, గొంతు కీర్తి సురేశ్‌ది. కంప్యూటర్‌లో గీసి వదిలెయ్యకుండా, నిజంగా రోడ్డు మీద నడిచే బండిగా దాన్ని కట్టించారు. మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ వాళ్లు కలిసి చేసిన పని అది. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో జనం ముందుకు తెచ్చారు. ముందు రెండు భారీ చక్రాలు, వెనక బంతిలాంటి ఒకే ఒక్క చక్రం. పొడవు 6,075 మిల్లీమీటర్లు, వెడల్పు 3,380, ఎత్తు 2,186. బరువు సుమారు 6 టన్నులు.

కార్ల నమూనాలకు ఎక్కువమంది వాడే కొలత 24వ వంతు. ఆ లెక్కన బుజ్జి పొడవు 25 సెంటీమీటర్లు, వెడల్పు 14, ఎత్తు 9. బరువు మాత్రం 24వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 24ను 24తో, మళ్లీ 24తో గుణించాలి. అంటే 13,824వ వంతు. ఆరు టన్నులు కాస్తా నాలుగు వందల ముప్పై గ్రాములు. మావాడికి ఈ లెక్క ఎంత నచ్చిందంటే, పూర్తయిన బొమ్మను కిరాణా కొట్టు కాటా మీద పెట్టించి చూస్తానని పట్టుబట్టాడు.

కొలతలు దొరికాయి, ఆకారం ఫొటోల్లో దొరికింది. ప్లాస్టిక్ షీటు కోసి అతికించడానికి పది రోజులు పట్టింది. పదకొండో రోజున వాడు అడిగాడు: "బుజ్జి రంగేటి, మావయ్యా?"

బూడిద రంగు అన్నాను. వాడు ఫోనులో మూడు ఫొటోలు తీసి వరసగా చూపించాడు. ఒకదాంట్లో బొగ్గు నలుపు. రెండోదాంట్లో సీసం ముక్కలా నీలం కలిసిన బూడిద. మూడోదాంట్లో మట్టి చాయ. బండి ఒక్కటే. "ఇందులో ఏ బూడిద?" అన్నాడు. ఆ పూటకి నా దగ్గర సమాధానం లేదు.

రంగు ఎక్కడుంటుంది?

రంగు వస్తువులో ఉంటుందని మనం అనుకుంటాం. టమాటా ఎరుపు, ఆకు పచ్చ. కొంతవరకే నిజం. వస్తువుకు ఉండేది ఒక అలవాటు: తన మీద పడ్డ వెలుతురులో కొంత మింగి కొంత తిరగ్గొట్టడం. టమాటా నీలాన్నీ పచ్చనీ చాలావరకు మింగేసి ఎరుపును తిరగ్గొడుతుంది. వెలుతురులో ఎరుపు అసలు లేకపోతే తిరగ్గొట్టడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. పాతకాలం సోడియం వీధిదీపాల కింద ఎర్ర కారు గోధుమ రంగు ముద్దలా కనిపించేది అందుకే. ఆ దీపాల్లో పసుపు తప్ప మిగతావి బహు తక్కువ.

వెలుతురంటే ఒకే సరుకు కాదు. ఏటా మార్చిలో, అక్టోబరులో అరసవల్లి గుడిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడే రోజుల్లో జనం తెల్లారకముందే వెళ్లి నిలబడతారు. ఆ కిరణం బంగారం కాచి పోసినట్టుంటుంది. అదే సూర్యుడు, అదే రోజు మధ్యాహ్నం ఆవరణలో తెల్లగా మండిపోతుంటాడు. పొద్దున్న ఏటవాలుగా వచ్చే వెలుతురు ఎక్కువ గాలి పొరను దాటాలి. దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు పసుపులు మిగిలి మనదాకా వస్తాయి. ట్యూబులైటు వెలుతురు తెల్లగానే ఉన్నట్టుంటుంది కానీ అందులో కొన్ని రంగులు కుప్పలుగా, కొన్ని నామమాత్రంగా ఉంటాయి. ఎల్‌ఈడీలో నీలం ఒకచోట ఎత్తుగా లేచి, మిగతావి దాని పక్కన పరుచుకుని ఉంటాయి. పాత ఫిలమెంటు బల్బులో ఎరుపు దండిగా ఉంటుంది, నీలం కరువు.

చూసే కంటికీ ఒక పరిమితి ఉంది. వెలుతురులో ఏ రంగు ఎంతుందో విడదీసి చెప్పే శక్తి దానికి లేదు. కంటి వెనక తెరలో మూడు రకాల శంకు కణాలున్నాయి. ఒక్కో రకం తనకు అందిన మొత్తాన్ని ఒకే అంకెగా మెదడుకు చెబుతుంది. ఆ మూడు అంకెలే మనం చూసే రంగు.

---

పెట్టెలో: రెండు సంచులు, ఒకే బిల్లు

సంతలో ఇద్దరు కూరగాయలు కొన్నారనుకోండి. ఒకరి సంచిలో టమాటాలు, వంకాయలు. రెండోవారి సంచిలో ఉల్లిపాయలు, బెండకాయలు. ఇద్దరి బిల్లూ సరిగ్గా 200 రూపాయలు. బిల్లు మాత్రమే చూసేవాడికి ఇద్దరూ ఒకటే కొన్నట్టుంటుంది. వచ్చే వారం టమాటా ధర పెరిగింది. అవే సరుకులు, అదే తూకం. మొదటివారి బిల్లు 260, రెండోవారిది 200.

రంగులో కలిపే పొడులు ఆ సరుకులు. వెలుతురు ఆనాటి ధరల పట్టిక. కన్ను సంచి విప్పదు, బిల్లే చూస్తుంది. రెండు రంగుల్లోని పొడులు వేరైనా, ఒక వెలుతురులో బిల్లు ఒకటే కావచ్చు. వెలుతురు మారితే బిల్లులు విడిపోతాయి. మ్యాచింగ్ సెంటర్ గుమ్మం దగ్గర జరిగేది ఇదే. చీర మిల్లు వాడిన అద్దకం ఒకటి, జాకెట్టు గుడ్డ మిల్లు వాడినది మరొకటి.

ఏ వెలుతురులోనైనా రెండూ కలిసి ఉండాలంటే దారి ఒక్కటే: సంచుల్లోని సరుకే ఒకటి కావాలి. అసలు బండికి ఏ పొడులు వాడారో అవే పొడులతో కలపాలి.

---

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. రాత్రి పదింటికి హాల్లో ట్యూబులైటు కింద నలుపు, తెలుపు, కొంచెం నీలం కలిపి, కంప్యూటర్ తెర మీది బుజ్జి పక్కన పెట్టి చూసుకున్నాను. అచ్చు దిగినట్టుంది. సంబరంగా ఒక తలుపు ముక్కకు పూసేశాను. పొద్దున్న పెరటి వెలుతురులో చూస్తే అది పాచి పట్టిన చాయ. మేనల్లుడు ఏమీ అనలేదు. ముక్కను కిటికీ గట్టు మీద బోర్లించి వెళ్లిపోయాడు.

కెమెరా చూసిందే మనం చూశాం

మెదడు మనకు తెలియకుండా ఒక పెద్ద పని చేస్తుంటుంది. తెల్ల పంచె కట్టుకున్నాయన ఎండలోంచి అరుగు మీదికి, అక్కణ్నుంచి బల్బు వెలుగుతున్న గదిలోకి వచ్చినా పంచె మనకు తెల్లగానే కనిపిస్తుంది. నిజానికి గదిలో పంచె నుంచి కంటికి చేరే వెలుతురు నారింజ చాయలో ఉంటుంది. చుట్టూ ఉన్న వెలుతురు ఎలాంటిదో మెదడు అంచనా వేసి, ఆ చాయను తీసేసి చూపిస్తుంది. అంచనా తప్పితే ఏమవుతుందో 2015 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఒక గౌను ఫొటో కొందరికి నీలం, నలుపుగా, మరికొందరికి తెలుపు, బంగారు రంగుగా కనిపించి ఇళ్లల్లో వాదులాటలు పెట్టింది. అసలు గౌను నీలం, నలుపే. ఫొటోలో వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలిసే ఆనవాళ్లు లేక మెదళ్లు రెండు జట్లుగా చీలిపోయాయి.

కెమెరాకు ఆ మెదడు లేదు. దానికి ఏది తెలుపో మనిషి చెప్పాలి. సినిమాలో ఆ చెప్పడం కూడా కథ కోసమే జరుగుతుంది. ఎడారిని వేడిగా, రాత్రిని నీలంగా, జ్ఞాపకాన్ని పసుపుగా చూపించడానికి ఛాయాగ్రాహకుడు దీపాలు, ఫిల్టర్లు ఎంచుకుంటాడు. తర్వాత కలరిస్ట్ కూర్చుని షాటు షాటుకూ రంగులు దిద్దుతాడు. 'కల్కి'కి ఛాయాగ్రహణం సెర్బియాకు చెందిన జోర్జె స్టోయిల్కోవిచ్. ఆయన కెమెరా, ఆ తర్వాత జరిగిన దిద్దుబాటు, ఆపైన మన ఫోను తెర. ఈ మూడు చేతులు మారాక వచ్చిన బూడిదనే మావాడు నా ముందు పెట్టాడు. ఫొటో మీద వేలు పెట్టి రంగు అంకెలు చెప్పే యాప్‌లు ఉన్నాయి. అవి అబద్ధం చెప్పవు, కానీ చెప్పేది బండి గురించి కాదు, ఆ చుక్క మీద ఆ క్షణాన పడ్డ ఆకాశం గురించి.

మనకు ఇంతకంటే మంచి ఉదాహరణ 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఈ సినిమాలో కాలయంత్రం గతానికీ భవిష్యత్తుకూ తిరుగుతుంది. దీనికి పనిచేసిన ఛాయాగ్రాహకులు ముగ్గురు: పి.సి.శ్రీరాం, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్. మూడు చేతులు వెలిగించిన యంత్రానికి ఒకే రంగు సంఖ్య రాసి పెట్టడం ఎలా కుదురుతుంది? 2025 ఏప్రిల్‌లో సినిమాను 4కెలోకి మార్చి మళ్లీ విడుదల చేశారు. పాత సినిమాను అలా మార్చేటప్పుడు రంగులు మరోసారి దిద్దుతారు. అంటే చూడ్డానికి ఇంకో చాయ. 'కల్కి'కి కథాపరంగా మార్గదర్శిగా ఉన్నదీ ఈ సింగీతంవారే. రెండు బండ్లకూ మధ్య ఉన్న ఈ బంధుత్వం నాకు ఇష్టం.

ఫిల్మ్ మీద తీసిన సినిమాల్లో మరో చిక్కుంది. రంగుల ప్రింటులో మూడు అద్దకపు పొరలుంటాయి. కాలం గడిచేకొద్దీ వాటిలో ఆకాశనీలపు పొర, పసుపు పొర ముందు వెలిసిపోతాయి, గులాబీ పొర గట్టిగా నిలబడుతుంది. డెబ్బయ్యో దశకపు ప్రింట్లు ఊళ్లో పాత హాళ్లలో చూసినవాళ్లకు ఆకాశమూ మొహాలూ అన్నీ గులాబీ చాయకు తిరిగిన ఆ రంగు గుర్తుంటుంది. అందులోని అంబాసిడర్ ఏ రంగుదో ప్రింటు చూసి చెప్పబోవడం దండగ.

నలుపు తెలుపు సినిమాల సంగతి మరీ కష్టం. ఒక మోతాదు ఎరుపు, ఒక మోతాదు పచ్చ, ఒక మోతాదు నీలం, మూడూ తెర మీద ఒకే బూడిద కావచ్చు. బూడిద నుంచి వెనక్కి నడిచి రంగును పట్టుకోలేం. 1957 నాటి 'మాయాబజార్'కు హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసినప్పుడు, ఏ నగకు ఏ రంగు, ఏ చీరకు ఏ చాయ అన్నది మనుషులే కూర్చుని నిర్ణయించాల్సి వచ్చింది. తెరలో ఉన్నది వెలుగు నీడల లెక్కే. రంగు వాళ్లు వేసింది.

ఒక్కోసారి కెమెరా కోసం బండి రంగునే మార్చేస్తారు. 1955 నాటి లింకన్ ఫ్యూచురా అనే అమెరికన్ ప్రదర్శన కారుకు చేప పొలుసుల మెరుపు కలిపిన ముత్యపు తెలుపు వేశారు. నాలుగేళ్లకు ఒక సినిమాలోకి తీసుకున్నప్పుడు ఆ ముత్యపు మెరుపు కెమెరాలో సరిగా రాలేదని ఎర్ర రంగు కొట్టారు. 1966లో అదే కారు నల్లరంగు వేసుకుని బ్యాట్‌మాన్ బండి అయింది. మూడింటిలో ఏది దాని అసలు రంగు? 1968 నాటి 'ది లవ్ బగ్'లో హెర్బీ అనే ఫోక్స్‌వ్యాగన్‌ది మరో కథ. స్టూడియో దీపాలు తళుక్కుమనకుండా కారు లోపలి భాగమంతా మెరుపు లేని బూడిద పూశారు. కంపెనీ రంగుల పట్టిక చూసి లోపల తెలుపు వేసినవాడి నమూనా తప్పుతుంది.

మహేంద్రగిరి నీలం, నా బల్ల మీది బూడిద

అసలు బండి పక్కన నిలబడి, దాని డబ్బాలోంచే రంగు తెచ్చి నమూనాకు వేశామనుకుందాం. అప్పుడూ చిక్కు తీరదు. చిన్న బొమ్మ మీద అదే రంగు ముదిరిపోయి, బరువుగా కనిపిస్తుంది. నమూనాలు చేసేవాళ్లకు ఇది అనుభవం. అందుకే రెండు మూడు చుక్కల తెలుపు కలుపుతారు.

దీనికి తరచూ చెప్పే కారణం గాలి. మందస, సోంపేట వైపు నుంచి మహేంద్రగిరిని చూడండి. కొండ నిండా పచ్చటి అడవే, కానీ దూరానికి నీలి పొగలా ఉంటుంది. మధ్యలో ఉన్న గాలి, తేమ వెలుతురును చెదరగొట్టి రంగును పలచబరుస్తాయి. నమూనాను చెయ్యిచాపు దూరం నుంచి చూస్తాం కాబట్టి, అసలు బండిని దూరం నుంచి చూసినట్టే కదా, అందుకే పలచబరచాలి అంటారు.

ఈ మాట నేను ఒప్పుకోను. అర మీటరు దూరాన్ని 24తో గుణిస్తే 12 మీటర్లు. వీధికి అటువైపు గుమ్మం. మహేంద్రగిరికీ మనకూ మధ్య కిలోమీటర్ల కొద్దీ గాలి ఉంది. 12 మీటర్ల గాలి, మన సముద్రతీరపు తేమగాలి అయినా సరే, కంటికి కనిపించేంత తేడా తేలేదు. అసలు కారణం మన చూపులో ఉంది. ఇంటికి రంగులు వేయించినవాళ్లకు తెలుసు. షేడు కార్డు మీద అగ్గిపెట్టంత ముక్కలో చూసి ఎంచుకున్న రంగు గోడంతా పూశాక మరింత వెలుగుగా, మరింత గాఢంగా మీద పడుతుంది. వైశాల్యం పెరిగితే రంగు వెలుగుతుంది, తగ్గితే మందగిస్తుంది. బండి 24వ వంతుకు తగ్గినప్పుడు దాని ఒంటి వైశాల్యం 576వ వంతవుతుంది. పది చదరపు మీటర్ల రేకు కాస్తా ఒకటిన్నర పోస్టుకార్డుల జాగా. పైగా అసలు బండి మీద సగం ఆకాశం ప్రతిబింబిస్తుంది. గదిలో బొమ్మ మీద ప్రతిబింబించేది ఇంటి కప్పు. ఆ ఆకాశం లేని లోటును పూడ్చడానికే తెలుపు చుక్కలు.

రవ్వంత మెరుపు

బుజ్జిలాంటి లోహపు చాయకు ఇంకో గండం ఉంది. కార్లకు వేసే మెటాలిక్ రంగులో అల్యూమినియం రేకుల పొడి ఉంటుంది. ఒక్కో రేకు సుమారు 30 మైక్రాన్లు, మన వెంట్రుక మందంలో సగం. అసలు కారు మీద అది విడిగా కనిపించదు, మెరుపుగా కలిసిపోతుంది. అదే పొడిని 24వ వంతు బొమ్మకు పూస్తే? ముప్పైని ఇరవై నాలుగుతో గుణించండి. ముప్పావు మిల్లీమీటరు దాకా వస్తుంది. అసలు బండికి ఉప్మా రవ్వంత తళుకులు చల్లినట్టన్నమాట. పెళ్లి మండపానికి బాగుంటుందేమో గానీ బండికి నప్పదు. నమూనాలకు అమ్మే వెండి రంగుల్లో పొడిని మరీ మెత్తగా నూరేది ఇందుకే.

మందం సంగతీ అంతే. కారు మీద రంగు పొరలన్నీ కలిపి 100 మైక్రాన్ల చిల్లర. అంతే మందం బొమ్మకు పూస్తే, అసలు బండికి రెండున్నర మిల్లీమీటర్ల గచ్చు మెత్తినట్టు. తలుపుల గీతలు పూడిపోతాయి. కుంచెతో ఒకేసారి కాకుండా, స్ప్రే గన్నుతో పలచగా నాలుగైదు సార్లు కొట్టాలి.

---

పెట్టెలో: నల్ల ఇసుకలోంచి తెల్ల రంగు

కళింగపట్నం, భావనపాడు తీరాల్లో అలలు వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. పిల్లలు అయస్కాంతం తీసుకెళ్లి ఆ రేణువులతో ఆడుకుంటారు. అందులో ఇల్మనైట్ ఉంది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. తూర్పు కనుమల రాళ్లు అరిగి, నదులు మోసుకొచ్చి, సముద్రం జల్లెడ పట్టి ఒడ్డున పేర్చిన సరుకు. దాన్నుంచి ఇనుమును తొలగిస్తే టైటానియం డయాక్సైడ్ మిగులుతుంది, మల్లెపువ్వులాంటి తెల్లటి పొడి. గోడ రంగులో, కారు రంగులో, టూత్‌పేస్టులో కనిపించే తెలుపు అదే.

అంత తెలుపు ఎందుకంటే అది వెలుతురును వజ్రం కంటే ఎక్కువగా వంచుతుంది. పలచటి పొరలో కూడా వెలుతురును అటూ ఇటూ తిప్పి బయటికి తోసేస్తుంది, కిందిది కనపడనివ్వదు. చాలా ఎరుపు, పసుపు పొడులకు ఆ శక్తి తక్కువ. బూడిద ప్రైమరు (అడుగు పూత) మీద పసుపు కొడితే ఎన్ని కోట్లు వేసినా మురికిగా ఉండేది అందుకే. కింద తెల్ల ప్రైమరు ఉండాలి.

విజయనగరం జిల్లా ఇచ్చే రంగు దీనికి ఎదురుది. చీపురుపల్లి, గరివిడి, గర్భాం నేలల్లోని మాంగనీసు నల్లటి ఖనిజం. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల్లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. చిత్రకారులు వాడే అంబర్ అనే ముదురు గోధుమ మట్టి రంగుకు ఆ చాయ ఇచ్చేది ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లే.

---

షెడ్డులో ఒక పూట

నా తప్పు దిద్దుకోవడానికి ఊరి చివర డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకు వెళ్లాను. ముప్పై ఏళ్లుగా బండ్లకు రంగులు కొడుతున్న మేస్త్రి. అప్పుడు ఒక తెల్ల వ్యాను తలుపుకు పుట్టీ పెట్టి, నీటి కాగితంతో రుద్దుతున్నాడు. బొమ్మ చూసి నవ్వలేదు. చేతులు తుడుచుకుని, అరచేతిలో పెట్టుకుని, కంటికి దగ్గరగా తెచ్చి పక్క గీతలన్నీ చూశాడు. "దీనికి మా తిన్నర్ తగలనీకండి, కరిగిపోద్ది" అన్నాడు ముందుగా. నిజమే. బండ్ల రంగులో కలిపే తిన్నర్ ఈ రకం ప్లాస్టిక్‌ను పంచదారలా కరిగిస్తుంది. నీటితో కలిసే యాక్రిలిక్ రంగులే నాకు దిక్కు. కానీ కలపడం నేర్పమని అడిగాను.

అట్టముక్క మీద మూడు చోట్ల వెండి బూడిద కొట్టాడు. డబ్బా ఒకటే. మొదటిచోట గన్ను దూరంగా పట్టి, ఆరీ ఆరనట్టు కొట్టాడు. రెండోచోట దగ్గరగా, తడి తేలేట్టు. మూడోచోట మధ్యస్థంగా. ఆరాక చూస్తే మొదటిది లేత, రెండోది ముదురు. తడి ఎక్కువగా ఉంటే అల్యూమినియం రేకులకు కదిలే తీరిక దొరుకుతుంది, లోపలికి దిగి రకరకాల కోణాల్లో సర్దుకుంటాయి. పొడిగా పడ్డవి పైనే బల్లపరుపుగా ఉండిపోయి వెలుతురును నేరుగా తిరగ్గొడతాయి. రంగు సంఖ్య ఒక్కటే అయినా, కొట్టే చెయ్యి బట్టి చాయ మారుతుంది.

తర్వాత అతను చేసిన పని నన్ను మ్యాచింగ్ సెంటర్ మెట్ల మీదికి తీసుకెళ్లింది. అట్టముక్క పట్టుకుని షెడ్డు బయటికొచ్చి, ఎండకు ఎదురుగా కాక, వేపచెట్టు నీడ అంచున నిలబడ్డాడు. నిటారుగా పట్టి చూశాడు. పక్కకు వంచి చూశాడు. ఇంకా వంచి, దాదాపు అంచు మీద నుంచి చూశాడు. మెటాలిక్ రంగు ఎదురుగా ఒకలా, ఏటవాలుగా ఇంకోలా ఉంటుంది. ఎదురుగా కుదిరి పక్కనుంచి కుదరకపోతే అది కుదిరినట్టు కాదు. కొంచెం నలుపు కలిపి మళ్లీ కొట్టాడు. నేను బాగుందని తలూపబోయాను.

"తడి రంగు సూసి ఒప్పీసుకోకండి బాబూ. ఆరనీయండి" అన్నాడు.

యాక్రిలిక్ రంగుకు ఈ మాట ఇంకా ముఖ్యం. గోడకు సున్నం కొట్టినప్పుడు గుర్తుందా? తడిగా ఉన్నంతసేపూ గోడ మసగ్గా, కిందిది కనపడుతూ ఉంటుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. సున్నపు రేణువుల మధ్య నీరు పోయి గాలి చేరితే వెలుతురు ఎక్కువగా చెదురుతుంది. యాక్రిలిక్ దీనికి తిరగబడినట్టు ప్రవర్తిస్తుంది. తడిగా ఉన్నప్పుడు అందులోని జిగురు పాలలా చిన్న బిందువులుగా తేలుతూ వెలుతురును చెదరగొడుతుంది, రంగు లేతగా ఉన్నట్టుంటుంది. నీరు ఆరిపోయి బిందువులన్నీ అతుక్కుంటే ఆ పాలు అద్దమవుతాయి. రంగు ముదురుతుంది. తడిలో సరిగ్గా కుదిరిందంటే ఆరాక తప్పిందన్నమాటే.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. తెల్ల ప్రైమరు కొట్టిన ప్లాస్టిక్ ముక్కల మీద ఒక్కో మిశ్రమం పూయడం. వెనకవైపు చుక్కల లెక్క, తేదీ రాయడం. ఒక రాత్రి ఆరనిచ్చి, ఉత్తరపు కిటికీ దగ్గర, వీధి గుమ్మం దగ్గర, ట్యూబులైటు కింద, మూడుచోట్లా చూడటం. సినిమా ఫొటోలను వదిలెయ్యలేదు గానీ, వాటిలో మనకు ముందే రంగు తెలిసిన వస్తువును వెతికాం: మనుషుల ఒంటి చాయ, తెల్ల గుడ్డ, టైరు నలుపు. ఆ వస్తువు ఎంత పక్కకు జరిగిందో చూస్తే, బండి రంగు ఎటు జరిగిందో అంచనా దొరుకుతుంది. ఆవిష్కరణ నాటి ఫొటోలు, రోడ్డు మీద పగటిపూట జనం తీసుకున్న ఫొటోలు పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ నిలబడే చాయ దాకా వెళ్లాం.

దుమ్ము వస్త్రగాళితం

సినిమాలో బుజ్జి కడిగి తుడిచిన బండి కాదు. గీతలు, మరకలు, దుమ్ము ఉంటాయి. రంగు వెలవడం ఎలా ఉంటుందో చూడటానికి మనకు కావలసినన్ని పాఠాలు రోడ్డు మీదే ఉన్నాయి. పాత లారీ పక్కకు ఆనుకుంటే చొక్కాకు సుద్దలా రంగు అంటుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగులోని జిగురును కొరికేస్తాయి. పట్టు తప్పిన పొడి పైన తేలుతుంది. ఆ పొడి వెలుతురును చెదరగొట్టడం వల్ల ఎరుపు గులాబీలా, నలుపు బూడిదలా తేలిపోతుంది. పైకప్పు ముందు వెలుస్తుంది, తలుపుల కింది భాగం ఆఖరున. ఈ వరస తెలియకుండా ఒళ్లంతా ఒకేలా వెలిసిన చాయ వేస్తే బండి బొమ్మలాగే ఉండిపోతుంది.

దుమ్ము కోసం మావాడు పెరట్లో ఎర్రమట్టి తెచ్చాడు. చల్లితే గులకరాళ్లు దొర్లినట్టుంది. మళ్లీ అదే రవ్వ లెక్క. మా అమ్మ చూసి, "వస్త్రగాళితం పట్టండ్రా" అంది. ఆయుర్వేద చూర్ణాలను గుడ్డలో జల్లించినట్టు. పాత పొందూరు ఖద్దరు పంచె ముక్క ఇచ్చింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్నగా వడికి నేసే ఆ గుడ్డలోంచి మట్టిని జల్లిస్తే పొగలా రాలింది. దాన్ని మెత్తటి కుంచెతో చక్రాల చుట్టూ, అడుగు అంచుల వెంబడి తాకిస్తే, బండికి బరువు వచ్చినట్టయింది. ఆ బూడిద పక్కన ఈ మట్టి పడ్డాకే బూడిద చాయ కూడా కుదురుకుంది. పక్కన ఏ రంగుందన్నదాన్ని బట్టి కూడా రంగు మారుతుంది మరి.

ఏది అసలు?

1968 సినిమా 'బులిట్'లో స్టీవ్ మెక్వీన్ నడిపిన ముదురాకుపచ్చ మస్టాంగ్ దశాబ్దాల తర్వాత బయటపడి, 2020 జనవరిలో వేలానికొచ్చింది. 37.4 లక్షల డాలర్లు పలికింది. దానికి ఎవరూ కొత్త రంగు కొట్టలేదు. వెలిసి, తుప్పు చారలు కట్టిన ఒంటితోనే అమ్మారు. ఇప్పుడు ఆ కారు నమూనా చేసేవాడి ముందు మూడు ఆకుపచ్చలున్నాయి: కంపెనీ పట్టికలోది, 1968 తెర మీదిది, ఈనాడు రేకు మీద మిగిలినది. మూడింటికీ సాక్ష్యం ఉంది.

నా మటుకు నేను తెర మీది దానివైపే ఉంటాను. బండిని ప్రేమించినవాడు హాల్లో చూసి ప్రేమించాడు, ఫ్యాక్టరీలో కాదు. అయితే తెర మీది రంగును అందుకోవాలంటే రేకు మీది రంగు తెలియాలి, ఎంత పక్కకు జరిపారో లెక్క కట్టాలి. ఫొటోలోంచి నేరుగా నకలు తీస్తే కుదరదని కిటికీ గట్టు మీద బోర్లించిన ఆ తలుపు ముక్క నాకు చెప్పింది. మావాడు దీనికి ఒప్పుకోలేదు. రామోజీ ఫిల్మ్ సిటీలో నిలబెట్టినప్పుడు ఉన్న బుజ్జే బుజ్జి అని వాడి వాదన. అందుకని రెండు ముక్కలు దాచాం.

ఒకదాని వెనక వాడి చేతిరాత: "నలుపు 7 చుక్కలు, తెలుపు 5, నీలం 1, వెండి 4. మే 19. గుమ్మం దగ్గర ఓకే, ట్యూబులైటు కింద కొంచెం నీలం." రెండోదాని వెనక నాది: "నలుపు 6, తెలుపు 7, అంబర్ 2, వెండి 3. మే 21. కిటికీ దగ్గర సరి." బొమ్మకు చివరికి వేసింది రెండోది. సెలవులైపోయి శ్రీకాకుళం బస్సెక్కేటప్పుడు వాడు మొదటిదాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.